లెక్కలో రెండు హైదరాబాదులు

ఆదివారం. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కోచింగ్ బ్యానర్ ఏది చూసినా 'బేసిక్స్ టు అడ్వాన్స్‌డ్' అనే ఉంటుంది. మొదట్లో స్ట్రింగులు (అంటే అక్షరాల వరసలు), ఆఖర్న జనరేటర్లు, డెకరేటర్లు. ఆ వరస మీద నాకు నమ్మకం తక్కువ. మనుషులు చేత్తో టైపు చేసిన సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన పట్టిక) ఒక్కటిస్తే చాలు, అన్నీ కలిసే మీద పడతాయి. ఇవాళ నేను పాఠం చెప్పే బ్యాచ్‌కి అదే పని: పేరు, ఊరు, రెండే కాలమ్స్. ఏ ఊరివాళ్లు ఎంతమందో తేల్చాలి.

విండోస్‌లో ఉత్త 'ఓపెన్'తో తెరిస్తే పైథాన్ సాధారణంగా అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి కింద సిస్టమ్ ఎన్‌కోడింగ్‌నే తీసుకుంటుంది. తెలుగు తగలగానే యూనికోడ్‌డీకోడ్‌ఎర్రర్, లేదంటే పిచ్చి గీతలు. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 (అన్ని భాషలకీ సరిపోయేది) అని మనమే రాయాలి. ఎక్సెల్ నుంచి 'సీఎస్‌వీ యూటీఎఫ్-8'గా సేవ్ చేసిన ఫైలుకైతే ముందు మూడు బైట్ల బీఓఎమ్ అనే కనిపించని గుర్తు ఉంటుంది, అది మొదటి కాలమ్ పేరుకి అతుక్కుంటుంది. 'పేరు' కాలమ్ ఎదురుగా కనిపిస్తున్నా ఆ పేరే లేదంటూ కీఎర్రర్ వచ్చేది దానివల్లే. అక్కడ ఆ గుర్తుని వదిలేసే యూటీఎఫ్-8-సిగ్ వాడాలి.

ఏది ఎన్నిసార్లు వచ్చిందో చెప్పే కౌంటర్‌తో లెక్కేస్తే హైదరాబాద్ రెండు వరసల్లో వచ్చింది. "సర్, రెండూ సేమే కదా!" కంటికి సేమే. అటూఇటూ ఖాళీలు తీసే 'స్ట్రిప్' కొట్టినా రెండే. పొడవు చెప్పే 'లెన్'ని అడిగితే ఒకటి 9, ఇంకోటి 10. అసలు 9 ఏంటని మళ్లీ గోల. మనం చదివేది హై-ద-రా-బా-ద్ అని అయిదే. పైథాన్ కోడ్ పాయింట్లు (ప్రపంచ లిపులకి నంబర్లిచ్చే యూనికోడ్‌లో ఒక్కో గుర్తు) లెక్కపెడుతుంది: హ, ఐత్వం, ద, ర, దీర్ఘం, బ, దీర్ఘం, ద, పొల్లు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 27.

ఆ పదోది 'ప్రింట్'కి దొరకదు, కనిపించనివాటిని కోడ్‌గా చూపే 'రెప్ర్'కి దొరుకుతుంది: యూ200సీ, జీరో విడ్త్ నాన్ జాయినర్, అంటే పక్క అక్షరాలు ఒత్తుగా కలవకుండా ఆపే గుర్తు. 'హైదరాబాద్‌లో' అని కొట్టి 'లో' చెరిపేస్తే ఇది వెనకాల ఉండిపోతుంది. ఖాళీ జాగా కింద లెక్కకు రాదు కాబట్టి స్ట్రిప్ దాన్ని ముట్టుకోదు, 'రీప్లేస్'తో తీయాలి. తీసేది పోల్చుకోవడానికి చేసుకున్న నకలు (కీ) లోంచి మాత్రమే. చూపించే పేరులోంచి తీస్తే 'అమీర్‌పేట' కాస్తా 'అమీర్పేట' అయి కూర్చుంటుంది.

ఇంతకన్నా మొండిది ఐత్వం. యూనికోడ్‌లో అది 0సీ48 అనే ఒకే గుర్తు కావచ్చు, 0సీ46, 0సీ56 అనే రెండు గుర్తుల జత కావచ్చు. దీన్ని రెప్ర్ కూడా పట్టుకోదు, తెలుగు గుర్తుల్ని కోడ్ నంబర్లుగా చూపే 'ఆస్కీ' ఫంక్షన్ పట్టుకుంటుంది. యూనికోడ్‌డేటా మాడ్యూల్లోని 'నార్మలైజ్'కి ఎన్‌ఎఫ్‌సీ (జతని ఒకే గుర్తుగా కలిపే పద్ధతి) అని చెబితే రెండూ ఒకటవుతాయి. (తెలుగు అంకెలతో మాత్రం పేచీ లేదు: '౧౨'ని సంఖ్యగా మార్చే 'ఇంట్'కి ఇస్తే బుద్ధిగా 12 అంటుంది.)

శుభ్రం చేసే ఈ పనంతా ఒక ఫంక్షన్‌లో పెట్టాం. ఫైలు పెద్దదైనా మెమరీ నిండకుండా వరసకొకటి 'యీల్డ్' చేసే, అంటే అడిగినప్పుడల్లా ఒకటిచ్చే జనరేటర్ ఇంకోటి. దాన్ని ఒకసారి కౌంటర్‌కిచ్చి, మళ్లీ లూప్‌లో తిప్పితే ఏమీ రాదు, ఎర్రర్ కూడా రాదు. అప్పటికే అయిపోయింది మరి. ఫంక్షన్‌ని మళ్లీ పిలవాలి. అవే ఊళ్లు వేలసార్లు వస్తాయి కాబట్టి శుభ్రం చేసే ఫంక్షన్ నెత్తిన, ఒకసారి వచ్చిన జవాబుని దాచుకునే 'ఎల్ఆర్‌యూ క్యాష్' డెకరేటర్ పెట్టడం మంచిదే. జనరేటర్ నెత్తిన మాత్రం పెట్టకూడదు: అయిపోయిన ఆ పాత జనరేటర్‌నే దాచిపెట్టి రెండోసారీ చేతిలో పెడుతుంది.

ఇంకా 'హైద్రాబాద్' మిగిలింది. అది స్పెల్లింగ్ తేడా, ఎన్‌ఎఫ్‌సీకి సంబంధం లేదు. డిఫ్‌లిబ్‌లో దగ్గరి పోలికలు వెతికే 'గెట్ క్లోజ్ మ్యాచెస్' ఉంది గానీ దాని డిఫాల్ట్ కటాఫ్ (ఉండాల్సిన కనీస పోలిక) 0.6. హైదరాబాద్‌కీ సికింద్రాబాద్‌కీ పోలిక 0.636 వస్తుంది, అంటే జంటనగరాలు రెండూ ఒకే ఊరైపోతాయి. హైద్రాబాద్‌కి 0.947. కటాఫ్ 0.9 పెట్టాం.