గాల్వెస్టన్‌లో జూన్ 19 నడక

అమెరికాలోని టెక్సాస్‌లో హ్యూస్టన్ నుంచి గాల్వెస్టన్ దీవికి ఐ-45 హైవే మీద సుమారు 80 కిలోమీటర్లు. బానిసత్వం ముగిసినదానికి గుర్తుగా జూన్ 19 సెలవురోజు, బీచ్‌కి పోయే కార్లన్నీ ఒకే వంతెన ఎక్కుతాయి. అందుకే పొద్దున్నే దాటేశాం.

ఆ రోజు ఊరేగింపు నడిచే దూరం కొన్ని బ్లాకులే, పాత కోర్టు నుంచి రీడీ చాపెల్ దాకా. 1866 జనవరి 1న విముక్తి పండుగకి నల్లజాతివారు కోర్టు నుంచి ఈ చర్చికే నడిచారు. ఇప్పటి కట్టడం మాత్రం 1885 అగ్నిప్రమాదం తర్వాతది. కానీ అక్కడే మొదలుపెడితే సగం కథే దొరుకుతుంది. మేం ముందుగా 22వ వీధి, స్ట్రాండ్ కలిసే మూలకి వెళ్లాం. అంతర్యుద్ధంలో గెలిచిన యూనియన్ (ఉత్తరాది) సైన్యం దిగిన ఆస్టర్‌మన్ భవనం ఇక్కడే ఉండేది. ఇప్పుడు మిగిలింది ఒక ఫలకం, పక్కనే గోడ నిండా 5,000 చదరపు అడుగుల బొమ్మ.

అక్కడి నుంచి చర్చి ఉన్న బ్రాడ్‌వేకి సుమారు కిలోమీటరు. అవెన్యూలకి అక్షరాలే గుర్తు: స్ట్రాండ్ 'బి', బ్రాడ్‌వే 'జె'. దారి తప్పడం కష్టం. ఎండకంటే ఉక్కపోతే ఎక్కువ బాధిస్తుంది, మనిషికి లీటరు నీళ్లైనా పెట్టుకోవాలి. సముద్రపు గాలికి గొడుగు నిలవదు, టోపీ నయం.

చర్చి దగ్గర చదివేది టెక్సాస్ బానిసలకి స్వేచ్ఛ వచ్చిందని చాటిన 1865 జూన్ 19 నాటి 3వ నంబరు సైనిక ఉత్తర్వు. అధ్యక్షుడు లింకన్ బానిస విముక్తి ప్రకటన వెలువడి అప్పటికి రెండున్నరేళ్లు, టెక్సాస్‌లో ఇంకా రెండున్నర లక్షల మంది బానిసలు. అమలుచేసే సైన్యమే అక్కడికి రాలేదు మరి. యూనియన్ సేనాని జనరల్ గ్రేంజర్ పేరిట వచ్చిన ఆ కాగితం చాలా చిన్నది. 'సంపూర్ణ సమానత్వం' అన్న మాట దగ్గర అందరూ చప్పట్లు కొడతారు. ఆ తర్వాతి వాక్యాలు కూడా చెవినెయ్యాలి: ఉన్నచోటే నిమ్మళంగా ఉండి కూలికి పనిచేసుకోండి, పనిలేకుండా కూర్చుంటే పోషించేది లేదు. వెట్టి సంగతి ఎరిగిన మనకి ఈ గొంతు కొత్త కాదు.

మూడు బ్లాకుల అవతల, 2328 బ్రాడ్‌వేలో ఆష్టన్ విల్లా. ఉత్తర్వును దాని బాల్కనీ నుంచి చదివారని చెప్పుకుంటారు గానీ గట్టి ఆధారం లేదు. ఫొటో కావాలంటే ఆవరణలో బిల్లు కాగితం పట్టుకుని నిలబడ్డ శాసనసభ్యుడి కంచు విగ్రహం దగ్గర తీసుకోండి. 1979లో ఆ బిల్లు చట్టమైతేనే జూన్ 19 టెక్సాస్‌లో సెలవైంది. దేశమంతటా సెలవు కావడానికి 2021 దాకా పట్టింది.