ఈసారి డ్రమ్ తిప్పి చూశాకే

మొదటిసారి పాత వాషింగ్ మెషిన్ కొన్నప్పుడు పైమెరుపు చూసి మోసపోయాను. రెండో వారానికే స్పిన్‌లో రైలు వెళ్తున్నంత మోత. బేరింగులు పోయాయట. డ్రమ్ చుట్టూ నీళ్లు నిలిచే టబ్ మొత్తం అతికించేసిన మోడల్ కావడంతో బేరింగ్ ఒక్కటే మార్చడం కుదరదన్నాడు మెకానిక్.

ఈసారి ఫ్రంట్ లోడ్ చూడ్డానికి వెళ్లి, ముందు ప్లగ్ తీయించాను. ఖాళీ డ్రమ్‌ని చేత్తో తిప్పితే గరగర లేదు. పైఅంచు పట్టుకుని పైకీ కిందకీ ఊపాను. టబ్‌తో కలిసి కదిలితే ఫర్వాలేదు, అది స్ప్రింగులకి వేలాడుతూ ఉంటుంది కదా. డ్రమ్ ఒక్కటే లొడలొడలాడితే బేరింగ్ అరిగినట్టే. తలుపు దగ్గర రబ్బరు మడత విప్పితే నల్లటి బూజు, ఒక హెయిర్‌పిన్. చిరుగు మాత్రం లేదు. బూజుకి నేను భయపడను, చిరుగుకే టెన్షన్.

"నిన్న కూడా బాగా తిరిగిందండీ" అన్నారు అమ్మే ఆయన. నిన్నటి సంగతి నాకెందుకు! వేడినీటి ప్రోగ్రాం పెట్టించి, కాసేపాగి తలుపు అద్దం ముట్టుకున్నా. గోరువెచ్చగా ఉంది, హీటర్ బతికే ఉందన్నమాట. తడి తువ్వాళ్లతో స్పిన్ వేయించి, కింద టార్చ్ కొట్టి చూశాను. నేల పొడిగానే ఉంది.

తరలించేటప్పుడు డ్రమ్‌ని కదలకుండా బిగించే బోల్టులు అడిగితే ఎప్పుడో పారేశారట. బేరంలో నాకు కలిసొచ్చింది అదొక్కటే.