రికార్డు వేరు, రిపోర్టు వేరు: పర్లాకిమిడిలో నా మొదటి ల్యాబ్ రిపోర్టు

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది. కాస్త దూరం వెళ్తే పాతపట్నం, అది శ్రీకాకుళం జిల్లా. అందుకే మాలో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, డిగ్రీలో చేరాక ఇంగ్లీషు. బయాలజీ ప్రాక్టికల్స్‌కి ఈ మూడు భాషల గొడవ పెద్దగా తగల్లేదు, ఎందుకంటే సొంతంగా రాసేదేమీ ఉండేది కాదు. సీనియర్ల రికార్డు తెచ్చుకోవడం, ఎయిమ్ నుంచి ప్రికాషన్స్ దాకా దించడం, కుడిపక్క బొమ్మ వేయడం. సంతకం పడిపోయేది.

కొత్తగా వచ్చిన మేడమ్ మాత్రం బంగాళాదుంప ఆస్మాసిస్ (పలచని వైపు నుంచి చిక్కని వైపుకి కణపొర గుండా నీరు వెళ్లడం) ప్రయోగానికి రికార్డు వద్దన్నారు. ఇంట్రడక్షన్, మెథడ్స్, రిజల్ట్స్, డిస్కషన్ అని నాలుగు భాగాలతో రిపోర్టు కావాలన్నారు. క్లాసంతా టెన్షన్.

ప్రయోగం చిన్నదే. దుంపలోంచి కార్క్ బోరర్‌తో, అంటే గుండ్రంగా తొలిచే గొట్టంతో, ఒకే లావున్న ముక్కలు తీసి, బ్లేడుతో ఒకే పొడవుకు కోసి, తూచి, రకరకాల గాఢతల సుక్రోజ్ (చక్కెర) ద్రావణాల్లో వేయాలి. కొంతసేపయ్యాక తీసి, తడి అద్ది, మళ్లీ తూచాలి. మేము మామూలు నీళ్ల నుంచి 1.0 మోలార్ (లీటరుకు ఎన్ని మోల్‌లో చెప్పే గాఢత కొలత) దాకా 0.2 చొప్పున పెంచుకుంటూ పోయాం, ఒక్కో ద్రావణంలో మూడేసి ముక్కలు. సుక్రోజ్ అణుభారం 342 కాబట్టి 100 మిల్లీలీటర్ల 0.2 మోలార్ ద్రావణానికి 6.84 గ్రాములు సరిపోతుంది. తూకం దగ్గరే అసలు తిప్పలు. ఫ్యాన్ గాలికి ఎలక్ట్రానిక్ త్రాసులో అంకెలు నిలవవు. ఫ్యాన్ ఆపితే మా ప్రాణం నిలవదు, మే నెల మరి!

రిపోర్టు రాయడానికి కూర్చుంటే ఇంట్రడక్షన్ దగ్గరే ఆగిపోయాను. బరంపురం యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతున్న మా పెద్దమ్మ కూతురు సెలవులకి ఊళ్లోనే ఉంది. కాగితం చూసి, "ఏటే ఇది, సగం పేజీ అయినా ఇంకా నీటికి మనిషికి సంబంధమే చెప్తున్నావు. నీ టేబుల్ ఏదీ?" అంది.

"అది చివర్లో కదక్కా?"

"చదివేవాళ్లకి చివర్లో. నీకు ముందు."

టేబుల్, గ్రాఫు ముందు తయారు చేసుకుని, తర్వాత మెథడ్స్, రిజల్ట్స్, ఆపైన డిస్కషన్ రాసి, ఇంట్రడక్షన్ ఆఖర్న రాయమంది. వినడానికి తలకిందుల వ్యవహారంలా ఉంది గానీ పని జరిగింది మాత్రం అలాగే.

టేబుల్‌లో గ్రాముల తేడా కాకుండా శాతం ఎందుకు వేయాలో అప్పుడు అర్థమైంది. 1.50 గ్రాముల ముక్క 0.12 పెరిగితే 8 శాతం. 1.20 గ్రాముల ముక్క అదే 0.12 పెరిగితే 10 శాతం. ఎంత జాగ్రత్తగా కోసినా ముక్కలన్నీ ఒకే బరువు ఉండవు కాబట్టి శాతాలనే పోల్చాలి. గ్రాఫులో అడ్డంగా గాఢత, నిలువుగా బరువు మార్పు శాతం. నీళ్లలో ముక్కలు బరువెక్కి బిరుసుగా అయ్యాయి, 1.0 మోలార్‌లోవి వేలాడిపోయాయి. గీత సున్నాను 0.28 మోలార్ దగ్గర దాటింది. అక్కడ దుంప వాటర్ పొటెన్షియల్ (నీరు ఎటు కదులుతుందో తేల్చే విలువ), బయటి ద్రావణానిది సమానం. ఆ విలువ కట్టే మైనస్ ఐసీఆర్‌టీ సూత్రంలో సుక్రోజ్ అయాన్లుగా విడిపోదు కాబట్టి ఐ విలువ 1, సీ అంటే ఆ 0.28 గాఢత, ఆర్ అనే స్థిరాంకం 0.0831, టీ అంటే ఉష్ణోగ్రత 303 కెల్విన్ వేస్తే సుమారు మైనస్ 7 బార్లు వచ్చింది. దించిన అంకె కాదు, మా త్రాసు మీద పుట్టిన అంకె. రెండుమూడుసార్లు లెక్క కట్టి చూసుకున్నాను, సరదాకి.

మెథడ్స్ తొందరగానే అయిపోయింది. రికార్డులో "తీసుకోండి, వేయండి" అని ఆజ్ఞలుంటాయి, ఇక్కడ జరిగిపోయిన పని చెప్పాలి, అంతే తేడా. దుంప శాస్త్రీయ నామం సొలానమ్ ట్యూబరోసమ్ చేత్తో రాస్తే రెండు మాటల కిందా విడివిడిగా గీత గీయాలి.

రిజల్ట్స్‌కీ డిస్కషన్‌కీ మధ్య గోడ కట్టడమే కష్టం. "0.8 తర్వాత గీత వంపు తగ్గింది" అన్నది రిజల్ట్. నీరు పోయేకొద్దీ కణరసం చిక్కబడి, లోపలికీ బయటికీ తేడా తగ్గుతుంది కాబట్టి అలా అయి ఉండొచ్చన్నది డిస్కషన్. నేను ప్రతి వాక్యం చివరా "ఎందుకంటే" తగిలిస్తుంటే అక్క పెన్సిల్‌తో కొట్టేస్తూ పోయింది.

0.4 మోలార్‌లో ఒక ముక్క మిగతా రెండింటికన్నా బాగా తక్కువ బరువు తగ్గింది. ఆ విలువ తీసేస్తే గ్రాఫు అందంగా వస్తుందని క్లాసులో అందరి సలహా. రఫ్ నోట్సు తిరగేస్తే పక్కన మార్జిన్‌లో నా ల్యాబ్ పార్ట్‌నర్ ఒడియాలో గిలికిన మాట కనిపించింది: ఒక పక్క తొక్క ఉండిపోయింది. తొక్క నీటిని సులువుగా పోనివ్వదు. విలువ టేబుల్‌లో అలాగే ఉంచి, కారణం డిస్కషన్‌లో రాశాను. నా రిపోర్టు మొత్తంలో నాకు నచ్చిన పేరా అదే.

ఇంగ్లీషు సంగతి. పెద్ద పెద్ద మాటలు వెతుకుతుంటే అక్క నవ్వి, "వాడుక భాషలో రాయమని గిడుగు రామమూర్తి గారు పోట్లాడిన ఊరు కదే మనది" అంది. ఆయన వాదన తెలుగు కోసమే అయినా, చిన్న వాక్యాలకి మారాక నా తప్పులూ తగ్గాయి.

రిపోర్టుకి పేరు ఆఖర్న పెట్టాను. "ఆస్మాసిస్" అని ఒక్క మాట చాలదట. ఏం మార్చామో, ఏం కొలిచామో, దేని మీద చేశామో మూడూ పేరులోనే ఉండాలట.

రిపోర్టు తిరిగొచ్చింది. తొక్క పేరా పక్కన టిక్కు, గ్రాఫు పక్కన ఎర్ర పెన్నుతో "ఎర్రర్ బార్లు?" అని ప్రశ్న. మూడేసి విలువలున్నాయి కాబట్టి అవి సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్‌ని ప్రతి సగటు మీదా చిన్న నిలువు గీతగా గీయొచ్చు, అదే ఎర్రర్ బార్. లెక్క కట్టి వేస్తే 0.4 దగ్గర ఆ నిలువు గీత మిగతావాటికన్నా బారుగా వచ్చింది. ఆ గ్రాఫే మళ్లీ ఇచ్చాను.