తాళాలేసి ఊరు వదిలిన జనం

పోయిన నెలలో ఇల్లు మారాం. దూరం కూడా కాదు, రెండు వీధుల అవతలికే. అయినా సర్దడానికే వారం పట్టింది, గ్యాస్, మంచినీళ్ళ క్యాన్లు, పాప స్కూల్ బస్సు, దేనికదే ఒక టెన్షన్. రాత్రి ఆ అట్టపెట్టెల మధ్య నడుం వాల్చినప్పుడల్లా నాకు చీరాల-పేరాల ఉద్యమం గుర్తొచ్చేది, 1921లో పన్ను కట్టనని ఊళ్ళే ఖాళీ చేసి వెళ్ళిపోయిన జనం కథ. స్కూల్లో దాన్ని రెండు మార్కుల ప్రశ్నగా చదివేశాం, నాయకుడెవరు, ఏ సంవత్సరం అని. ఆ జనం పొయ్యి ఎక్కడ పెట్టుకున్నారు, నీళ్ళు ఎక్కడ తోడుకున్నారు అని అప్పుడు ఒక్కసారి కూడా అనుకోలేదు.

గొడవ మొదలైంది పన్ను దగ్గర. చీరాల, పేరాల అప్పట్లో గుంటూరు జిల్లాలో ఆనుకుని ఉన్న రెండు ఊళ్ళు, ఎక్కువమంది నేతపనివాళ్ళు, చిన్న వ్యాపారులు, రైతులు. యూనియన్‌గా, అంటే పంచాయతీ లాంటి చిన్న స్థానిక పాలన కింద, ఉన్నప్పుడు ఏడాదికి ఊరి మీద పడే పన్ను 4,000 రూపాయలు. 1919లో మద్రాసు ప్రభుత్వం ఈ ఊళ్ళని మున్సిపాలిటీ చేసింది, పన్ను దాదాపు 40,000కి వెళ్ళింది. పది రెట్లు! పోనీ ఆ డబ్బుతో వీధులు మారాయా, నీళ్ళొచ్చాయా అంటే అదీ లేదు. మాకు మున్సిపాలిటీ వద్దు, యూనియన్‌గానే ఉంచండి అని అర్జీలు పెట్టుకున్నారు, ఎవరూ వినలేదు, పన్ను కట్టడం మానేశారు. కట్టనివాళ్ళని జైలుకి పంపారు, వాళ్ళలో రావూరి అలమేలమ్మ అనే ఆవిడ కూడా ఉంది. 1921లో, ఒక ఇల్లాలు, ఇంటిపన్ను కట్టనన్నందుకు జైలుకెళ్ళింది. మా స్కూల్ పుస్తకంలో ఆవిడ పేరు చూసిన గుర్తు నాకు లేదు, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

వీళ్ళకి దారి చూపినవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. పుట్టింది అప్పటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో, ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చినవాడు, హాయిగా ఉద్యోగం చేసుకోగలిగినవాడు. చీరాలలో రామదండు అని వలంటీర్ల దళాన్ని తయారు చేశాడు. బెజవాడ కాంగ్రెస్ సమావేశాలు అయ్యాక 1921 ఏప్రిల్ 6న గాంధీ చీరాల వచ్చినప్పుడు జనం ఏం చెయ్యమంటారని అడిగారు. ఆయన రెండు దారులు చెప్పాడు. ఊళ్ళోనే ఉండి, చెయ్యెత్తకుండా, పన్ను కట్టకుండా, వచ్చిన కష్టం భరించడం ఒకటి. ఊరే వదిలేసి మున్సిపాలిటీ హద్దు దాటి వెళ్ళిపోవడం రెండోది, మనుషులే లేకపోతే మున్సిపాలిటీ ఎవరి మీద పన్ను వేస్తుంది?

వాళ్ళు రెండోది ఎంచుకున్నారు. సుమారు 15,000 జనాభాలో 13,000 మంది దాకా హద్దు బయట పాకలు వేసుకుని, దానికి రామనగర్ అని పేరు పెట్టుకుని, అక్కడికి వెళ్ళిపోయారు. అదీ నడి వేసవిలో.

నేత తెలిసినవాళ్ళకి ఇది ఎంత పెద్ద మాటో అర్థమవుతుంది. గుంట మగ్గం అంటే చేత్తో పట్టుకుపోయే సామాను కాదు, నేలలో గుంట తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేసేది. కొత్తచోట మళ్ళీ గుంట తవ్వాలి, పైన కప్పు ఉండాలి, పడుగు, అంటే నిలువు నూలు, చాపి గంజి పెట్టడానికి వీధి పొడవునా జాగా కావాలి. వాన కురిస్తే గుంటలోకి నీళ్ళొస్తాయి, పని ఆగిపోతుంది, పని ఆగితే ఆ పూట కూలీ లేదు. ఇళ్ళూ గోడలూ ఉన్నవాళ్ళకే వానాకాలం కష్టం, మరి పాకల్లో? సముద్రం పక్కన ఉన్న ఊరు, వానలు తెలియనివాళ్ళు కాదు. అయినా వెళ్ళారు, 11 నెలలు ఉన్నారు. ఆ 11 నెలల్లో అక్కడ పురుళ్ళు జరిగుంటాయి, జ్వరాలొచ్చి ఉంటాయి, వెనక్కి పోదామా అని మొగుడూ పెళ్ళాలు రాత్రిపూట గుసగుసగా మాట్లాడుకుని ఉంటారు. నాకు ఉద్యమం అంటే ఇదే, ఉపన్యాసం తర్వాత వచ్చే మామూలు రోజులు.

వాళ్ళు ఒంటరివాళ్ళేమీ కాదు, ఆ రోజుల్లోనే అదే జిల్లాలో పెదనందిపాడు రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి వెంట నడిచి శిస్తు కట్టలేదు, పల్నాడులో పుల్లరి, అంటే అడవిలో పశువులు మేపుకున్నందుకు వేసే పన్ను, కట్టేది లేదన్న కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు తూటాలకు ప్రాణం ఇచ్చాడు. కానీ రామనగర్‌కి డబ్బు చాలలేదు. దుగ్గిరాల బరంపురంలో నిషేధాజ్ఞ కాదని మాట్లాడినందుకు ఏడాది జైలు పడింది, ముందుండి నడిపించే మనిషి లేకుండా పోయాడు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా హింస తర్వాత సహాయ నిరాకరణ ఉద్యమం ఆగింది, మార్చిలో గాంధీ అరెస్టయ్యాడు. రామనగర్ జనం ఒక్కొక్కరే తిరిగి ఇళ్ళకొచ్చారు. మున్సిపాలిటీ ఉండిపోయింది, పన్నూ ఉండిపోయింది.

అందుకని దీన్ని విఫలమైన ఉద్యమం అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, చదివిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది. గెలవలేదు, ఒప్పుకుంటాను. కానీ దుమ్ము పట్టిన తలుపు తాళం తీసి, 11 నెలలుగా ఖాళీగా ఉన్న మగ్గం గుంట శుభ్రం చేసుకుని, మళ్ళీ అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న ఆ నేతగాడి ముందు నిలబడి, నువ్వు విఫలమయ్యావు అని నేనైతే అనలేను.