సెడాన్‌ని వెనక సీటులో కూర్చుని చూడాలి

మిడ్‌సైజ్ సెడాన్ (వెనక విడిగా డిక్కీ ఉండే మధ్యస్థ సైజు కారు) కొనేవాళ్లు ఎక్కువగా దాన్ని డ్రైవర్ సీటులోంచే చూస్తారు. పికప్, స్టీరింగ్ తేలిక, స్క్రీన్ సైజు, ఇవన్నీ అరగంట టెస్ట్ డ్రైవ్‌లో తెలిసిపోతాయి. ఐదుగురు ఎక్కి డిక్కీ నిండా సామాను పెట్టాక బండి ఎలా నడుస్తుందో మాత్రం తెలియదు. మూడు గంటల ప్రయాణం తర్వాత వెనక కూర్చున్నవాళ్లు హాయిగా దిగుతారో, నడుం పట్టుకుని దిగుతారో కూడా తెలియదు. ఇంటిల్లిపాదికీ అని కొన్న కారు విలువ అక్కడే తేలుతుంది. అందుకే వెనక సీటు నుంచి మొదలుపెడుతున్నాను.

మోకాళ్ల ముందు జాగా ఎంత ఉందో అందరూ చూస్తారు. ఈ తరగతి కార్లలో దానికి లోటుండదు. టొయోటా క్యామ్రీ వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 2825 మిల్లీమీటర్లు, హోండా అకార్డ్‌ది 2830. కాళ్లకి అది పుష్కలం. చూడాల్సింది తొడల కింద. సెడాన్ పైకప్పు వెనక్కి వాలుతుంది కాబట్టి, తల తగలకుండా వెనక సీటును కిందికి దించుతారు. సీటు దిగితే మోకాళ్లు పైకి లేస్తాయి, తొడలు సీటుకి ఆనవు, బరువంతా తుంటి మీద పడుతుంది. వెనక కూర్చుని, మోకాలికి కాస్త ఇవతల, తొడకీ సీటుకీ మధ్య చెయ్యి దూర్చి చూడండి. పిడికిలి సులువుగా పట్టిందంటే గంట దాటాక నడుం లాగడం మొదలవుతుంది.

దీనికి పైసా ఖర్చులేని ఉపాయం ఒకటుంది. ముందు సీట్ల ఎత్తు కొద్దిగా పెంచితే వాటి కింద పాదాలు దూరేంత సందు వస్తుంది. వెనకవాళ్లు కాళ్లు ముందుకు చాచగానే మోకాళ్లు దిగి తొడలు సీటుకి ఆనుతాయి. అయితే కొన్ని వేరియంట్లలో ఎత్తు మార్చే లివర్ డ్రైవర్ సీటుకి మాత్రమే ఇస్తారు, పక్క సీటుకి ఇవ్వరు. కొనేముందు అది చూసుకోవాలి.

పెద్దవాళ్లకి సెడాన్‌తో ఉండే ఇబ్బంది ఎక్కడం, దిగడం. కాలు ముందు లోపల పెట్టి తల వంచుకుని దూరబోతే పైకప్పు తగులుతుంది, మోకాలి మీద భారం పడుతుంది. మొదట సీటు అంచున పక్కకి తిరిగి కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ ఒకేసారి లోపలికి తీసుకుంటే సులువు. హెడ్‌రెస్ట్ కిందికి నొక్కేసి వదిలేయకండి. దాని పై అంచు కనీసం చెవుల పై అంచు దాకా ఉండాలి, లేకపోతే వెనక నుంచి ఎవరైనా గుద్దినప్పుడు మెడకి రక్షణ ఉండదు. మధ్య సీటు గురించి చెప్పాలంటే, అక్కడి వీపు భాగం నిజానికి మడత విప్పని ఆర్మ్‌రెస్ట్, అందుకే గట్టిగా ఉంటుంది. కాళ్ల దగ్గర నేల మధ్యలో ఎత్తుగా లేచిన సొరంగం అడ్డు. నా లెక్కలో ఇది దూరప్రయాణాలకి నలుగురి కారు, దగ్గర తిరుగుళ్లకి ఐదుగురి కారు.

ఇక బరువు. మనిషికి 70 కిలోల చొప్పున ఐదుగురు, 60 కిలోల సామాను కలిపితే 410 కిలోలు. అందులో ఎక్కువ భాగం వెనక చక్రాల మీదే పడుతుంది. బ్రోచర్‌లో వేసే గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ బండి అడుగుకీ మధ్య ఎత్తు) చాలావరకు ఖాళీ బండిది. నిండా ఎక్కాక వెనక భాగం కూలబడుతుంది. పైగా వీల్‌బేస్ పొడవైనకొద్దీ స్పీడ్ బ్రేకర్ మీద ముందు చక్రాలు దిగి, వెనక చక్రాలు ఇంకా ఎక్కకముందే నడుం భాగం తగిలే అవకాశం పెరుగుతుంది. బ్రేకర్‌కి ముందే వేగం పూర్తిగా తగ్గించి, ఎక్కేటప్పుడు బ్రేక్ మీంచి కాలు తీసేయాలి. బ్రేక్ నొక్కి ఉంచితే ముక్కు కిందికి వంగి ఇంకా త్వరగా తగులుతుంది. ఒకసారి గట్టిగా రాసుకుంటే కింద ఉన్న ప్లాస్టిక్ కవర్ క్లిప్పులు ఊడిపోవచ్చు. అప్పుడు వేగం పెరిగాక పటపటమని కొట్టుకునే శబ్దం వస్తుంది, ఇంజన్‌లో ఏదో పోయిందనుకుని కంగారు పడతారు. టార్చి వేసి కిందికి వంగి చూస్తే వేలాడుతున్న కవర్ కనిపిస్తుంది. రెండు క్లిప్పుల పని.

"కొత్త బండి బిర్రుగానే ఉంటుంది, తిరిగేకొద్దీ మెత్తబడుతుంది" అనే మాట నమ్మకండి. మొదట టైర్లలో గాలి చూడండి. రవాణాలోనూ యార్డులోనూ ఒకేచోట రోజుల తరబడి నిలబడితే టైరు అడుగు చదునవుతుందని, ఫ్యాక్టరీలో మామూలు కంటే ఎక్కువ గాలి పట్టిస్తారు. డెలివరీకి ముందు దాన్ని తగ్గించాలి. అది మర్చిపోతే బండి 40 పీఎస్ఐ పైన ఇంటికొస్తుంది, ప్రతి గతుకూ వెన్నులో తెలుస్తుంది. ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ తెరిస్తే పిల్లర్ మీద అంటించిన స్టిక్కర్‌లో ఉంటుంది, సాధారణంగా 32 నుంచి 35 మధ్య. చాలా స్టిక్కర్లలో రెండు వరుసలుంటాయి, ఒకటి మామూలు బరువుకి, ఇంకోటి నిండు బరువుకి. ఊరికి వెళ్లేముందు రెండో వరుస చూసి గాలి కొట్టించాలి. కొలవాల్సింది టైరు చల్లగా ఉన్నప్పుడే, అంటే బండి కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాక. నడిచి వేడెక్కిన టైరులో రీడింగ్ పెరిగిందని గాలి వదిలేస్తే, తెల్లారేసరికి తక్కువైపోతుంది.

చక్రాల సైజు దగ్గర చాలామంది చూపుకి లొంగిపోతారు. 17 అంగుళాల చక్రానికి వేసే 215/55 ఆర్17 టైరు పక్కగోడ ఎత్తు సుమారు 118 మిల్లీమీటర్లు. 18 అంగుళాల చక్రానికి వేసే 235/45 ఆర్18కి 106. రెండింటి మొత్తం వ్యాసం దాదాపు ఒకటే, అంటే తగ్గినది కుదుపును మింగే రబ్బరు మాత్రమే. 18 అంగుళాల మీద మలుపుల్లో పట్టు బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ గుంతలో పడినప్పుడు పక్కగోడ లోపలి దారాలు తెగి బుడగలా ఉబ్బే ప్రమాదం దీనికే ఎక్కువ. అలా ఉబ్బిన టైరుకి ప్యాచ్ ఉండదు, మార్చాల్సిందే. కుటుంబం కోసమైతే నేను 17 అంగుళాలే తీసుకోమంటాను.

డిక్కీకి లీటర్ల లెక్క సగం నిజమే చెబుతుంది. నోరు ఎంత వెడల్పుందో, మూత పట్టుకునే చేతులు ఎక్కడికి దిగుతాయో చూడాలి. కొన్ని కార్లలో మూతకి కొంకిలా వంగిన ఇనుప చేతులుంటాయి. సామాను నిండా పెట్టి మూత వేస్తే అవి దిగి పెట్టెల మీద నొక్కుతాయి. ఇంట్లో ఉన్న అతిపెద్ద సూట్‌కేసు తీసుకెళ్లి పెట్టి మూత వేసి చూడటమే సరైన పరీక్ష. అడుగున ఉన్న స్టెప్నీ సన్నటి రకమైతే దానికి మామూలు టైరు గాలి సరిపోదు, చాలావాటికి 60 పీఎస్ఐ కావాలి, 80 కిలోమీటర్ల వేగం దాటకూడదు. నాలుగు చక్రాలకీ గాలి కొట్టించి దీన్ని వదిలేయడం అందరూ చేసే పొరపాటు. స్టెప్నీకి బదులు పంక్చర్ కిట్ ఇస్తే, ఆ ద్రవం ట్రెడ్‌లో (నేలకి ఆనే భాగంలో) మేకు కన్నానికే పనికొస్తుందని, పక్కగోడ చీలితే పనిచేయదని గుర్తుంచుకోవాలి.

గేర్‌బాక్స్ విషయంలో, బండిలో ఏ రకం ఉందో తెలుసుకుని నడపాలి. సీవీటీలో (విడి గేర్లు లేని ఆటోమేటిక్‌లో) యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే ముందు ఇంజన్ అరుస్తుంది, వేగం తర్వాత వస్తుంది. అది లోపం కాదు, దాని నడక అంతే. మెల్లగా తొక్కితే నూనె రాసినట్టు సాగిపోతుంది. డ్యూయల్ క్లచ్‌లో (రెండు క్లచ్‌లుండే ఆటోమేటిక్‌లో), ముఖ్యంగా క్లచ్ నూనెలో మునగని డ్రై క్లచ్ రకంలో, అంగుళం అంగుళం జరిగే ట్రాఫిక్ ప్రమాదం. పాకుతున్నంతసేపూ లోపల క్లచ్ అరుగుతూ వేడెక్కుతుంది. ముందు బండి కాస్త దూరం జరిగేదాకా బ్రేక్ మీద ఆగి, అప్పుడు ఒక్కసారి కదలాలి. ఎత్తు మీద ఆగినప్పుడు యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టడం ఏ ఆటోమేటిక్‌కీ మంచిది కాదు. బ్రేక్ మీంచి కాలు తీసినా బండిని ఆపి ఉంచే ఆటో హోల్డ్ ఉంటే వాడండి.

మొదటి 1000 కిలోమీటర్లు ఫుల్ థ్రాటిల్ (యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కడం) వద్దు, గంటల తరబడి ఒకే వేగమూ వద్దు. కొత్త టైర్లు, బ్రేకులు పూర్తి పట్టు అందుకోవడానికి దాదాపు 300 కిలోమీటర్లు పడుతుంది కాబట్టి ముందు బండికి దూరం పాటించాలి.

టర్బో పెట్రోల్ డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్‌ని (పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే రకాన్ని) రోజూ మూడు నాలుగు కిలోమీటర్లే తిప్పితే ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. సిలిండర్ గోడల మీదుగా జారిన పెట్రోలు ఆయిల్‌లో కలిసి ఆవిరి కాకుండా ఉండిపోతుంది. ఆయిల్ కొలిచే పుల్ల, అంటే డిప్‌స్టిక్, మీద మట్టం తగ్గాల్సింది పోయి పెరిగితే, వాసన చూస్తే పెట్రోలు కొడితే, ఇదే కారణం. వారానికోసారి అరగంట హైవే మీద నడపాలి, ఆయిల్ గడువు కంటే ముందే మార్చాలి.

మైలేజీకి స్క్రీన్ మీది అంకె కంటే ఫుల్ ట్యాంక్ లెక్క నమ్మకమైనది. పంపు మొదటిసారి తనంతట తాను ఆగేదాకా కొట్టించి ట్రిప్ మీటర్ సున్నా చేయాలి. మళ్లీ అదే పంపు దగ్గర అలాగే ఆగేదాకా పట్టించాలి. 540 కిలోమీటర్లకి 36 లీటర్లు పడితే లీటరుకి 15. ఇలా మూడు ట్యాంకుల సగటు తీస్తేగాని మాట్లాడకూడదు.

కొత్త బండిలో టకటకలు వస్తే డాష్‌బోర్డ్ విప్పించే ముందు చిన్న చోట్లు వెతకండి. ఖాళీ సీటు బెల్టు బకిల్ పిల్లర్‌కి కొట్టుకోవచ్చు. డిక్కీ మూత మీది నంబర్ ప్లేటు అదరవచ్చు. వెనక ఒక అంగుళం ఫోమ్ టేప్ అంటిస్తే అది పోతుంది. వైబ్రేషన్ 80 నుంచి 100 కిలోమీటర్ల వేగం మధ్య వస్తే చక్రాల బ్యాలెన్సింగ్ తప్పినట్టు. స్టీరింగ్ వణికితే ముందు చక్రాలు, సీటు వణికితే వెనక చక్రాలు చూపించాలి.

హైబ్రిడ్ (పెట్రోలుతో పాటు బ్యాటరీ మోటారుతోనూ నడిచేది) తీసుకున్నవాళ్లు మళ్లీ వెనక సీటు దగ్గరికే రావాలి. పెద్ద బ్యాటరీని చల్లబరిచే గాలి కొన్ని కార్లలో క్యాబిన్‌లోంచే వెళుతుంది. వెనక సీటు కిందో పక్కనో చిన్న ప్లాస్టిక్ జాలీ కనిపిస్తుంది, దాని లోపల ఫిల్టర్ ఉంటుంది. సీటు కవర్ అంచు దాని మీద పడినా, పిల్లల దుప్పటి అడ్డుగా జారినా, దుమ్ము పట్టినా బ్యాటరీ వేడెక్కి, డాష్‌బోర్డ్ మీద హెచ్చరిక వెలుగుతుంది. సీటు కవర్లు కుట్టించేటప్పుడు ఆ జాలీ దగ్గర గుడ్డ కత్తిరించి వదలమని ముందే చెప్పాలి. ఫిల్టర్‌ని సర్వీసులో తీసి దులపమని జాబ్ కార్డులో రాయించండి.