నర్సంపేట దారిలో తెల్ల గోరింక

దసరా నాడు పాలపిట్టను చూద్దామని బయల్దేరాను. చూసింది మాత్రం గోరింకను. అదీ తెల్లదాన్ని.

ముందు పాలపిట్ట సంగతి చెప్పాలి. చిన్నప్పుడు వరంగల్‌లో దసరా పొద్దున ఒకతను పంజరం పట్టుకొని గల్లీ గల్లీ తిరిగేవాడు. నాన్న పది రూపాయలిస్తే పైన కప్పిన గుడ్డ తీసి పిట్టను చూపించేవాడు. దండం పెట్టుకునేవాళ్లం. అదేమో ఒక్కసారీ రెక్క విప్పలేదు. పాలపిట్ట అందమంతా రెక్కలోనే కదా, ముడుచుకొని కూర్చుంటే సగం మట్టిరంగే. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అట్లా పట్టి తిప్పడం నేరమని పెద్దయ్యాక తెలిసింది. 2014లో అదే పిట్ట మన రాష్ట్ర పక్షి అయింది. ఆ పది రూపాయలు మాత్రం నాకింకా గుచ్చుకుంటూనే ఉన్నాయి. అందుకే ఈసారి ఎగిరే పాలపిట్టనే చూడాలని పాకాల వైపు బండి తీశాను.

నర్సంపేట దాటాక సగం రోడ్డు మీద మక్కలు ఆరబోసి ఉన్నాయి. బంగారం పరిచినట్టుంది అని రాయబుద్ధయింది గానీ, ముందు టైరు ఒకసారి జారేసరికి ఆ కవిత్వం పోయింది. గుండె దడ తగ్గేదాకా ఆగుదామని ఒక ఊళ్లో చాయ్ హోటల్ ముందు దిగాను. ఊరి పేరు రాయనని మాటిచ్చాను కనుక రాయను.

మక్కల కుప్ప పక్కన ఏడెనిమిది గోరింకలు పురుగులు ఏరుకుంటున్నాయి. వాటి నడుమ ఒకటి తెల్లగా మెరిసింది. కొంగపిల్ల అనుకున్నాను.

"కొంగ కాదు బిడ్డా, మా తెల్లది" అంది చాయ్ పోసే అవ్వ.

ఆమె నాలుగు బూందీ గింజలు విసిరితే బెంచీ కాలు దాకా వచ్చింది. ఒళ్లంతా మీగడ రంగు. ముక్కు, కాళ్లు, కంటి చుట్టూ ఉండే చర్మం మాత్రం ఏ గోరింకకైనా ఉన్నట్టే పచ్చగా. తోక చివర వాడిన చీపురులా అరిగిపోయి ఉంది. ముదురు రంగునిచ్చే మెలనిన్ ఈకల్లోకి చేరకపోతే ఇట్లా తెల్లబడతాయి. ఆ పదార్థమే ఈకకు గట్టితనమూ ఇస్తుంది, అందుకే తెల్ల ఈకలు తొందరగా అరుగుతాయి. ముక్కు మీది పసుపు వేరే పదార్థానిది, దానికేమీ కాలేదు. ఒంట్లో ఎక్కడా మెలనిన్ లేని పూర్తి ఆల్బినో అయితే కళ్లు గులాబీ రంగులో ఉండాలి. దీనివి మామూలు గోధుమ రంగు కళ్లే.

ఇదంతా అవ్వకు విడమర్చి చెప్పాను.

"అంటే రోగమా మరి?"

"రోగం కాదవ్వా, పుట్టుకే అంత."

"గట్లయితే మంచిదే" అని ఇంకో నాలుగు గింజలు విసిరింది.

దీని జంట మామూలు గోరింకే. తాటిచెట్టు తొర్రలో గూడు. పోయిన ఏడాది పుట్టిన పిల్లలన్నీ గోధుమ రంగువేనని, ఊరంతా కొంచెం నిరాశపడిందని పక్క బెంచీ మీది అన్న చెప్పాడు. పట్టిస్తే ఐదు వేలిస్తానని పట్నం నుంచి ఎవరో వచ్చాడట కూడా. "చాయ్ తాగిపిచ్చి తోలిచ్చినం" అన్నాడు. మా గల్లీకి ఇట్లాంటివాళ్లు ఒక్కరున్నా బాగుండేదనిపించింది.

అంతలో మక్కలు తిరగేస్తున్న ఆడమనిషి "గద్ద! గద్ద!" అని కేకేసింది. హోటల్లో పిల్లగాడు పళ్లెం అందుకొని గరిటెతో దడదడ వాయించాడు. ఎదురింట్లోంచీ చప్పుడు మొదలైంది. గోరింకలన్నీ ఒక్కపెట్టున లేచాయి, తెల్లది గూనపెంకల సందులో దూరింది. గుంపులో అదొక్కటే దూరానికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది, గద్దకైనా అంతే కదా. మరి మామూలు గోరింకల కోసం కూడా పళ్లెం కొడతారా అని అడిగాను.

"ఎవలు గొడ్తరు?" అన్నాడు పిల్లగాడు, నేనేదో పిచ్చి ప్రశ్న వేసినట్టు చూసి.

ఆ నిజాయితీ నాకు నచ్చింది. మామూలు గోరింకల మీద కాస్త జాలీ వేసింది.

పాకాల చెరువు కట్ట మీద రెండు గంటలు కూర్చున్నాను. గణపతిదేవుని కాలం నాటి చెరువు, చుట్టూ అడవి, నీళ్ల మీద ఎండ. కరెంటు తీగలన్నీ వెతికాను. లకుముకి పిట్టలు, కాకులు తప్ప ఏమీ లేవు.

తిరిగొచ్చేసరికి ఊళ్లో జమ్మి తెంపుకొచ్చి పంచుకుంటున్నారు. అవ్వ చేతిలో ఆకు పెట్టి కాళ్లు మొక్కాను.

"పాలపిట్ట కానొచ్చిందా?"

"లేదవ్వా."

"మా తెల్లదాన్ని సూసినవ్ గద, ఇంకేంది?"

ఇంటికొచ్చి ఫోన్‌లో ఫొటోలు చూసుకున్నాను. పదిహేడు తీశాను. అన్నిట్లోనూ తెల్లది ఒక మరక. పక్కన దాని జంట మాత్రం ఈక ఈక లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది.