దోర్నాల గేటు దగ్గర ఆగిపోయిన రాత్రి

శ్రీశైలం వెళ్లొచ్చినవాళ్లు దర్శనం గురించి రాస్తారు. నాకు దోర్నాల చెక్‌పోస్టు గురించి రాయాలనుంది.

ఒంగోలులో మధ్యాహ్నం బస్సెక్కాను. చీమకుర్తి దాకా గ్రానైట్ లారీల వెనకే ప్రయాణం, ఒళ్లంతా తెల్లటి దుమ్ము. పొదిలి దాటాక బస్సు ఆగిపోయింది. బెల్టు తెగిందన్నారు. మెకానిక్ వచ్చి బాగుచేసేసరికి పొద్దుగూకింది. మార్కాపురంలో ఓ హోటల్లో భోజనం 140 రూపాయలు. సాంబారులో ముక్క లేదు, పెరుగు కప్పుకు మళ్లీ 20. మా కావలిలో ఆ డబ్బుకు చేపల పులుసుతో కడుపునిండా తినొచ్చు.

దోర్నాల చేరేసరికి తొమ్మిదింపావు అయింది. గేటు వేసేశారు. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఘాట్‌లోకి బండ్లు వదలరని అందరికీ తెలిసిందే. మా డ్రైవరు పావుగంటే కదా అని బతిమాలాడు. గార్డు వినలేదు.

నాకు చాలా చిరాకేసింది. నేను నెల్లూరు జిల్లాలో 108 అంబులెన్సులో ఈఎంటీని, అంటే బండిలో పేషెంటుకు ప్రథమ చికిత్స చేసేవాణ్ని. మా వైపు హైవే మీద యాక్సిడెంట్ అంటే ఫోన్ వచ్చిన నిమిషాల్లో బండి కదులుతుంది. పైలట్ (మా డ్రైవర్ని అలాగే అంటాం) సైరన్ వేస్తే లారీలు పక్కకు జరుగుతాయి. రోడ్డుకు తాళం వేసి ఉండటం నేనెప్పుడూ చూడలేదు. టీ బంకు బెంచీ మీద కూర్చుని, లోపల గూడేల్లో ఇప్పుడు ఎవరికైనా ప్రాణం మీదికొస్తే ఏంటి గతి అని పైకే అనేశాను.

"అంబులెన్సుకు తీస్తారులే నాయనా" అంది పక్కనున్న పెద్దావిడ. "గేటుతో ఎప్పుడూ ఇబ్బంది లేదు. గేటు దాకా మనిషిని తేవడమే కష్టం."

ఆవిడ మా బస్సులోనే వచ్చింది. శ్రీశైలం పక్కనున్న సుండిపెంటలో కూతురింటికి వెళ్తోంది. రిటైరైన ఏఎన్ఎం, అంటే ఊళ్లు తిరిగే ప్రభుత్వ నర్సు. ఉద్యోగమంతా ఈ అడవి అంచునే చేసిందట, అదీ నల్లమలలో అన్నలు (నక్సలైట్లు) తిరిగిన రోజుల్లో. నా చిరాకు అంతటితో పోయింది. తెల్లారేదాకా ఆవిడతోనే కూర్చున్నాను.

ముందు పల్స్ పోలియో గురించి చెప్పింది. వ్యాక్సిన్ కారియర్ భుజాన వేసుకుని తెల్లారకముందే రోడ్డు దిగి నడిచేదట. అందులో నాలుగు ఐస్‌ప్యాకులు, మధ్యలో చుక్కల మందు సీసాలు. సీసా మీద చిన్న గుండ్రం, దాని లోపల తెల్లటి చదరం ఉంటాయి. వేడి తగిలేకొద్దీ చదరం రంగు ముదురుతుంది. గుండ్రంతో సమానంగా ముదిరితే ఆ మందు పారెయ్యాల్సిందే. "నాకు తుపాకుల మీదకన్నా ఆ చదరం మీదే ధ్యాస" అంది. మాటల మధ్య కొంగు చివర వేలితో ఆ గుండ్రం గీసి చూపించింది.

దారిలో పోలీసులు ఆపి ఎవరికిస్తున్నావని అడిగేవాళ్లు. ఇంకాస్త లోపలికెళ్తే అవతలివాళ్లు ఆపి ఎవరు పంపారని అడిగేవాళ్లు. రెండు చోట్లా మూత తీసి చూపించేదట. ఎక్కువసేపు తెరిస్తే చల్లదనం పోతుందని ఇద్దరికీ చెప్పేదట.

"ఎండలో నడుస్తుంటే జీపు ఆపి ఎక్కమ్మా అనేవాళ్లు, పాపం మంచిగానే. నేను ఎక్కేదాన్ని కాదు. జీపు దిగుతుంటే ఎవరన్నా చూస్తే, మర్నాడు గూడెంలో నాకు బిడ్డనెవరిస్తారు? ఇంకోసారి లోపలివాళ్లు చీటీ ఇచ్చి దోర్నాలలో ఫలానావాళ్లకు అందించమన్నారు. సంచి విప్పి చూపించా. ఇందులో మందులకే చోటు చాలట్లేదు, ఇంకేం మొయ్యను అని చెప్పా. మళ్లీ అడగలేదు."

జ్వరం మాత్రలు ఎక్కువ ఖర్చయితే దానికీ పోలీసులకు సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చేదట. వానాకాలం సారూ, ఇంటికో జ్వరం, రిజిస్టరు చూసుకోండి అని పుస్తకం ముందు పెట్టేదట. రాత్రిపూట కాన్పు కష్టమైతే డోలీయే దిక్కు. గడకర్రకు దుప్పటి కట్టి, ఇద్దరు మోస్తుంటే ముందు ఒకరు లాంతరు పట్టుకునేవాళ్లు. లాంతరు ఎందుకంటే దారి కనపడటానికొక్కటే కాదు. చీకట్లో చప్పుడు చేసుకుంటూ వచ్చేది ఎవరో ఏంటో రెండు వైపులవాళ్లకూ దూరం నుంచే తెలియాలి. పేషెంటు ఉన్నారు, పేషెంటు ఉన్నారు అని అరుచుకుంటూ నడిచేవాళ్లట. సైరన్, ఎర్ర లైటు చేసే పనంతా ఆ లాంతరూ ఆ అరుపూ చేశాయన్నమాట.

మా ట్రైనింగులో ముందు సీన్ సేఫ్టీ చూసుకోమని నేర్పుతారు. కరెంటు తీగ ఉందా, పెట్రోలు కారుతోందా, ట్రాఫిక్ ఆగిందా అని. అది నాకు కంఠతా వచ్చు. కానీ వైద్యం చేసే మనిషి ఎవరి జీపు ఎక్కిందన్నది కూడా పేషెంటు ప్రాణానికి సంబంధించిన విషయమేనని నాకు ఎవరూ చెప్పలేదు. ప్రపంచంలో యుద్ధం జరిగే చోట్ల పనిచేసేవాళ్లు పాటించేదీ ఇదే. డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ అనే వైద్య సంస్థవాళ్ల బండ్ల మీద తుపాకీ బొమ్మ, దాని మీద అడ్డంగా ఎర్ర గీత ఉంటాయి. లోపలికి ఎవరి ఆయుధమూ రాకూడదని అర్థం. 2006 నుంచి వాళ్లు ఛత్తీస్‌గఢ్‌లో, మన సరిహద్దు పల్లెల్లో మొబైల్ క్లినిక్‌లు నడిపారు. అంత పెద్ద సంస్థ పెట్టుకున్న నియమాన్ని ఈవిడ ఒంటరిగా, ఎవరూ చెప్పకుండానే పాటించింది.

అలాగని పాటించినవాళ్లందరూ బతికి బయటపడలేదు. 2015 అక్టోబరు 3న అఫ్గానిస్థాన్‌లోని కుందూజ్‌లో అదే సంస్థ ఆసుపత్రి మీద అమెరికా విమానం దాడి చేస్తే 42 మంది చనిపోయారు. ఆసుపత్రి ఎక్కడుందో ముందే జీపీఎస్ లెక్కలతో సహా పోరాడే అన్ని వైపులవాళ్లకూ తెలియజేసి ఉన్నారు. మరుసటి ఏడాది మేలో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఆసుపత్రుల మీద, వైద్య సిబ్బంది మీద దాడుల్ని ఖండిస్తూ 2286వ తీర్మానం చేసింది. ఆ తర్వాత కూడా గాజాలో, సూడాన్‌లో ఏం జరిగిందో చూస్తూనే ఉన్నాం. అంబులెన్సు మీద దాడి వీడియో ఫోన్లో కనపడినప్పుడల్లా నాకు ముందు స్టీరింగ్ ముందున్న పైలటే గుర్తొస్తాడు. నా పక్క సీటు అది.

గాజా సంగతి ఆవిడకు చెప్పాను. 2024 ఆగస్టులో పది నెలల బిడ్డకు పోలియో బయటపడింది, అక్కడ పాతికేళ్లలో అదే మొదటిది. సెప్టెంబరులో ఒక్కో ప్రాంతంలో రోజుకు కొన్ని గంటలు దాడులు ఆపి, తొలి విడతలోనే 5 లక్షలకు పైగా పిల్లలకు చుక్కలు వేశారు. 1985లో మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్‌లో కూడా పిల్లల టీకాల కోసం రోజు చొప్పున మూడుసార్లు యుద్ధం ఆపారు.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆపగలరన్నమాట. మరి గంటలే ఎందుకు ఆపారు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇక్కడా కొన్ని నెలలు కాల్పులు ఆగాయి కదా. 2004లో ప్రభుత్వంతో చర్చల కోసం అన్నలు అడవి నుంచి బయటికొచ్చింది ఈ దారిలోని చిన్నారుట్ల దగ్గరే. ఆ కొద్ది నెలలు తనను ఏ వైపువాళ్లూ ఆపలేదని, మూత తీయించలేదని చెప్పింది. మరుసటి జనవరికి అంతా చెడింది. అదే 2005 ఆగస్టు 15న 108 మొదలైంది. ఇప్పుడు తుపాకుల భయం లేదు. ఫోన్ చేయడానికి సిగ్నల్ ఉండే చోటికి మాత్రం ఇంకా నడవాల్సిందే. లోపలి గూడేల నుంచి ఇప్పటికీ డోలీ కట్టే రోజులున్నాయట. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇదా అని నాకు కోపమొచ్చింది. ఆవిడకు కోపం కూడా మిగిలినట్టు లేదు.

అర్ధరాత్రి దాటాక శ్రీశైలం వైపు నుంచి అంబులెన్సు వచ్చింది. సైరన్ వినపడగానే గార్డు పరుగున వెళ్లి గేటెత్తాడు. ఆవిడ చెప్పింది నిజమే.

పొద్దున ఆరుకు బస్సు కదిలింది. చిన్నారుట్ల వెళ్లే చెంచు కుర్రాడొకడు మా సీటు పక్కన నిలబడ్డాడు. ఆవిడను గుర్తుపట్టి "నర్సమ్మా" అన్నాడు. ఆవిడ వాణ్ని కుశలం అడిగి, వాడికి నన్ను చూపించింది. "ఈ అబ్బాయి 108లో చేస్తాడు. పాము కరిస్తే బండి వచ్చేలోపు ఏం చెయ్యాలో చెప్పించుకో" అంది.

ఘాట్ మలుపుల్లో పడిపోకుండా వాణ్ని కూర్చోబెట్టి, కాలు నా ఒళ్లో పెట్టుకున్నాను. ఎవరిదో గొడుగు తీసుకుని కాలికి ఆనించి, విరిగిన ఎముకకు కట్టినట్టు నా తువ్వాలుతో కట్టాను. తాడుతో బిగించకూడదు, కొయ్యకూడదు, నోటితో పీల్చకూడదు, నడిపించకూడదు. కట్లపాము రాత్రి నిద్రలో కరిస్తే నొప్పి కూడా తెలియకపోవచ్చు, పొద్దున్నే రెప్పలు వాలిపోతుంటే అనుమానించాలి. విరుగుడు ఇంజెక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేస్తుంది కాబట్టి పామును చంపి తేవాలని వెతుక్కుంటూ టైం పోగొట్టొద్దు. ఏ ఆసుపత్రిలో ఆ మందు ఉందో ఈ వారంలోనే కనుక్కుని పెట్టుకో అని చెప్పాను. వెనక సీట్లవాళ్లు లేచి నిలబడి చూశారు. ఆవిడ వాడి చేత మళ్లీ అంతా అప్పజెప్పించింది.

చిన్నారుట్ల వచ్చింది. గొడుగు ఇచ్చేశాడు గానీ తువ్వాలు మాత్రం చేతిలో పట్టుకునే దిగాడు. చెల్లెలికి కట్టి చూపిస్తాడట.